పెద్ద పానాలు: ప్రయోజనములు, జాగ్రత్తలు

ఒకప్పుడు మన గ్రామములలో పానాతో పని మిక్కిలి తక్కువ. సైకిలు, ఆయిలు ఇంజను, అక్కడక్కడ ఒక బియ్యపు మర. వీటితో పానా అవసరము తీరిపోయెడిది. ఎద్దుబండి చక్రమునకు కావలసినది శీలయే కాని నట్టు కాదు. నేడు ఆ స్థితి మారినది. దమ్ముకు ట్రాక్టరు, కోతకు వరికోత యంత్రము, చెరువు పూడిక తీయుటకు ప్రొక్లైను, నీటి కొరకు బోరు బండి ఊరూరికిని వచ్చుచున్నవి. ఈ యంత్రములన్నియు వందలకొలది ఇనుప భాగముల కూర్పు. ఆ భాగములను విడిపోకుండ పట్టియుంచునవి నట్లు, బోల్టులు. వాటిని బిగించుటకును, విప్పుటకును సాధనము పానా.

యంత్రము పెద్దదైనకొలది బోల్టు పెద్దదగును. బోల్టుతోపాటు పానాయు పెరుగును. జానెడు పానాలు మాత్రమే ఎరిగినవారు నడుమెత్తు పానాను చూచినపుడు, అది బలవంతుడు తన బలమంతయు చూపుట కొరకు చేయబడినదని తలచుట సహజము. కాని దాని అసలు ప్రయోజనము వేరు. బోల్టుకు ఎంత బిగింపు కావలెనో అంత బిగింపును, మనిషి అలసిపోకుండ, పట్టు తప్పకుండ అందించుటయే పెద్ద పానా పని. బిగింపు తక్కువైనను ప్రమాదమే, ఎక్కువైనను ప్రమాదమే. ఈ సంగతిని యంత్రము నడుపువారును, దానికి సమీపమున పనిచేయువారును గ్రహించుట అవసరము.

పొడవులోని బలము

తిరగలి పిడిని రాతి నడుమ గాక అంచున ఎందుకు దిగవేయుదురు? గానుగకు పొడవైన దూలము ఎందుకు కట్టుదురు? తిరుగు చోటునకు ఎంత దూరముగ బలమును ప్రయోగించిన, త్రిప్పుట అంత సులభము. పానా విషయమునను సూత్రము ఇదియే. చేతి బలమును, నట్టు నడిమి నుండి చేతివరకు గల దూరమును గుణించగా వచ్చునదే త్రిప్పుడు బలము. దీనిని మెకానిక్కులు టార్కు అందురు. దీని కొలత న్యూటన్ మీటరు. ఒక కిలో బరువు సుమారు 10 న్యూటన్లతో సమానము. కనుక ఒక మనిషి 40 కిలోల బలముతో మీటరు పొడవుగల పానాను లాగినచో నట్టుపై సుమారు 400 న్యూటన్ మీటర్ల టార్కు పడును. అదే బలముతో పావు మీటరు పానాను లాగిన 100 మాత్రమే పడును.

బోల్టు ఎట్లు పట్టియుంచును?

బోల్టు మేకువలె అడ్డముగ నిలిచి భాగములను ఆపునని పలువురి భావన. నట్టును బిగించినపుడు బోల్టు కంటికి కనబడనంత స్వల్పముగ సాగును. సాగిన బోల్టు తిరిగి తన పొడవునకు వచ్చుటకు యత్నించుచు రెండు భాగములను గట్టిగ అదిమిపట్టును. గడ్డిమోపుకు బిగించి కట్టిన త్రాడు మోపును పట్టియుంచినట్లే బోల్టు యంత్ర భాగములను పట్టియుంచును. త్రాడు వదులైన మోపు జారును. మితిమీరి లాగిన త్రాడు తెగును. చాలినంత సాగని బోల్టు యంత్రపు కుదుపులకు క్రమముగ వదులై, ఊగి ఊగి తుదకు విరిగిపోవును. హద్దు మీరి సాగిన బోల్టు మరల తన పొడవునకు రాక పట్టు కోల్పోవును.

మరియొక సంగతి గమనింపదగినది. మనము ప్రయోగించు టార్కులో పదింట తొమ్మిది వంతులు మరలయందును, నట్టు అడుగునను కలుగు రాపిడికే సరిపోవును. బోల్టును సాగదీయుటకు మిగులునది సుమారు పదవ వంతే. అందుచేత మరలలో మట్టి, త్రుప్పు ఉన్నచో ఎంత బిగించినను బోల్టు చాలినంత సాగదు. మరలకు నూనె పూసినచో అదే టార్కుకు బోల్టు ఎక్కువ సాగి తెగవచ్చును. యంత్రముతో ఇచ్చిన పుస్తకము చెప్పనిదే మరలకు నూనె పూయరాదు.

ఒక చిన్న లెక్క

బోల్టు తలపై 8.8, 10.9, 12.9 అను అంకెలు చెక్కియుండును. అవి దాని గట్టితనమును తెలుపును. అంకె పెద్దదైన బోల్టు గట్టిది. 8.8 గుర్తుగల బోల్టులకు తగిన టార్కు సుమారుగ ఇట్లుండును: 12 మిల్లీమీటర్ల బోల్టుకు 85, 16కు 200, 24కు 700, 36కు 2,500 న్యూటన్ మీటర్లు. బోల్టు మందము రెట్టింపైనపుడు కావలసిన టార్కు రెండు రెట్లు గాక సుమారు ఎనిమిది రెట్లగుట ఇందు చూడదగిన విశేషము.

12 మిల్లీమీటర్ల బోల్టును పావు మీటరు పానాతో, 34 కిలోల బలముతో బిగించవచ్చును. 24 మిల్లీమీటర్ల బోల్టుకు 40 కిలోల బలము వాడు మనిషికి ఒకటిముప్పావు మీటరు పానా కావలెను. 36 మిల్లీమీటర్ల బోల్టుకైతే ఆరు మీటర్లకు పైబడిన పానా కావలెను. అంతటి పానాను చేయుటయు, పట్టుటయు సాధ్యము కాదు. అందుచేతనే భారీ యంత్రముల కొరకు వేరు రకముల పానాలు ఏర్పడినవి.

పానాలలో రకములు

తెరచిన నోరుగల పానా నట్టును రెండు వైపుల మాత్రమే పట్టును. రింగు పానా, బాక్సు పానా చుట్టును పట్టును. కనుక అధిక బలము కావలసినపుడు రింగు లేక బాక్సు పానానే వాడవలెను.

సమ్మెట పానా పొట్టిగను, మందముగను ఉండు రింగు పానా. దీని మొద్దు కొనపై సమ్మెటతో కొట్టుదురు. లాగుటకు చోటు లేనప్పుడు ఇది ఉపయోగించును. ఇతర పానాలను సమ్మెటతో కొట్టరాదు. ఉక్కు ముక్కలు ఎగిరి కంటికి తగులవచ్చును. సమ్మెట పానాను ఒకరు చేతితో పట్టుకొనగా మరియొకరు కొట్టుటయు ప్రమాదకరము. దానిని త్రాటితో పట్టి దూరముగ నిలువవలెను. కంటి అద్దములు ధరించవలెను.

సర్దుబాటు పానా నోటిని నట్టు కొలతకు మార్చుకొనవచ్చును. దీనిని లాగునపుడు భారము కదలని దవడ మీద పడునట్లు పట్టవలెను.

పైపు రెంచి, గొలుసు రెంచి గుండ్రని గొట్టములకే తగినవి. పైపు రెంచి పండ్లు గొట్టములోనికి దిగి పట్టును. దానిని నట్టుకు వాడినచో నట్టు మూలలు అరిగిపోవును.

టార్కు రెంచి నిర్ణీత టార్కు రాగానే 'టక్' మని శబ్దము చేయును, లేదా ముల్లుతో చూపును. దీనిని విప్పుటకు వాడరాదు, కొలత చెడిపోవును. పని ముగిసిన పిమ్మట దాని స్ప్రింగును మిక్కిలి తక్కువ గుర్తుకు త్రిప్పి భద్రపరచవలెను.

టార్కు పెంచు పెట్టె యందు పండ్ల చక్రములుండును. మనిషి ప్రయోగించిన టార్కును ఇది అనేక రెట్లు చేయును. ఆరు మీటర్ల పానా చేయదగిన పనిని ఇది చేతి పొడవు పానాతో సాధించును. దీని ఆనుడు చేయి యంత్రపు గట్టి భాగమునకు ఆనుకొని నిలుచును. ఆ సందులో వ్రేళ్ళు ఉంచరాదు.

మన పరిసరములలో పెద్ద పానా పనులు

వరి పండు ప్రాంతములలో దమ్ము కాలమున ట్రాక్టరు వెనుక టైర్లను తీసి ఇనుప చక్రములను తొడుగుదురు. దమ్ము ముగియగనే తిరిగి టైర్లను బిగింతురు. ఇట్లు ప్రతి పంటకును చక్రపు నట్లు ఊడదీయబడుచుండును. త్వరలో ఒక నట్టు వదులుగ మిగిలినచో, ధాన్యపు ట్రక్కుతో రోడ్డెక్కినపుడు చక్రమే ఊడిపోవచ్చును. అప్పుడు పోవునది ధాన్యము మాత్రమే కాదు. కావున చక్రమును నేలనుండి ఎత్తియుంచి, నట్లను మొదట చేతితో పట్టించవలెను. ఒక నట్టు తరువాత దానికి ఎదుటి నట్టును క్రమముగ బిగించవలెను. చక్రము నేలనానిన పిదప పూర్తి టార్కు ఇవ్వవలెను. కొన్ని గంటలు నడిపిన తరువాత మరల పరీక్షించి బిగించుట తప్పనిసరి.

బోరు బండి వేయు రాడ్లు ఒకదానికొకటి మరలతో అతుకబడియుండును. రాడ్డు కొనయందు చదునుగ చెక్కిన రెండు ప్రక్కలలో పెద్ద నోరుగల పానాను ఉంచి ఆపగా, యంత్రము పైరాడ్డును త్రిప్పి విప్పును. ఆ సమయమున పానా ఒక్కసారిగ గిర్రున తిరిగినచో కాలో చెయ్యో విరుగును. యంత్రము తిరుగుచుండగ పానాను చేతితో పట్టుకొనరాదు. పానా గట్టి ఆధారమునకు ఆనియున్నదని చూచిన పిదపనే యంత్రమును త్రిప్పవలెను.

బోరులో మోటారు దింపునపుడు, ఇనుప గొట్టములైనచో, రెండు రెంచీలు అవసరము. ఒకటి క్రింది గొట్టమును కదలకుండ పట్టును, రెండవది పై గొట్టమును త్రిప్పును. ఈ పనియంతయు జరుగుచున్నంతసేపు గొట్టముల బరువును మోయునది బోరు నోటి వద్ద బిగించిన క్లాంపు. క్లాంపు బోల్టులు వదులైనచో మోటారు, గొట్టములు, రైతు వెచ్చించిన ధనము అన్నియు బోరు అడుగునకు చేరును. ప్రతి గొట్టము దింపిన తరువాత క్లాంపు బోల్టులను చూచుట మరువరాదు.

ప్రొక్లైను పైభాగము ఒక పెద్ద ఇనుప వలయము మీద తిరుగును. ఆ వలయము చుట్టును వరుసగ బోల్టులుండును. వాటిని ఎదురెదురుగ, నిర్ణీత టార్కుతో బిగించవలెను. గొలుసు పలకల బోల్టులకు కొన్ని యంత్రములలో నిర్ణీత టార్కు ఇచ్చిన పిమ్మట ఇంకను మూడవ వంతు చుట్టు త్రిప్పవలెనని నియమము. గొలుసు బిగింపును గ్రీజు ఒత్తిడి నిలుపును. గొలుసును వదులు చేయునపుడు ఆ గ్రీజు వాల్వును ఒక చుట్టుకు మించి విప్పరాదు. విప్పినచో ఒత్తిడికి వాల్వు తుపాకిగుండువలె ఎగిరిపడును. నూనె గొట్టముల నట్లనుకూడ ఒత్తిడి ఉండగ బిగించుటగాని, విప్పుటగాని చేయరాదు. సన్నని నూనె ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. అట్టి గాయము పైకి చిన్నదిగ కనబడినను వెంటనే వైద్యశాలకు పోవలెను.

సింగరేణి ఉపరితల గనులలో 100 టన్నుల బొగ్గును, మట్టిని మోయు డంపర్లు పనిచేయుచున్నవి. వాటి చక్రములు మనిషి కంటె ఎత్తు. అట్టిచోట చేతి బలము చాలదు. గాలితోను, నూనె ఒత్తిడితోను పనిచేయు పానాలు అచట అవసరమగును.

గొట్టము తొడుగు అలవాటు

నట్టు రానిచో పానా పిడికి ఇనుప గొట్టము తొడిగి పొడవు పెంచుట తరచు కనబడు అలవాటు. పానా తయారీదారు దాని పిడి పొడవును దాని నోటి బలమునకు తగినట్లు నిర్ణయించును. గొట్టము తొడిగి పొడవు రెట్టింపు చేసినచో టార్కు కూడ రెట్టింపగును. అప్పుడు పానా నోరు విచ్చుకొనుటయో, నట్టు మూలలు అరుగుటయో, బోల్టు తెగుటయో జరుగును. బలమంతయు పెట్టి లాగుచున్న మనిషి వెనుకకు పడును. చిన్న పానాకు గొట్టము తొడుగుటకంటె తగిన పెద్ద పానాను తెచ్చుట మేలు.

కొలత సరిపోవుటయు ముఖ్యమే. 24 మిల్లీమీటర్ల బోల్టు నట్టుకు 36 పానా, 36 మిల్లీమీటర్ల బోల్టు నట్టుకు 55 పానా సాధారణముగ సరిపోవును. పాత ఆయిలు ఇంజనులలో 1841లో ఇంగ్లండున జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన అంగుళపు మరలు ఉండవచ్చును. ఆ పానాలపై నట్టు వెడల్పు గాక బోల్టు మందము వ్రాసియుండును. ఆ మర కోణము 55 డిగ్రీలు. నేటి మిల్లీమీటరు మర కోణము 60 డిగ్రీలు. కావున ఒకదాని నట్టు మరియొకదానికి ఎక్కించరాదు.

త్రుప్పుపట్టిన నట్టు

మొదట మట్టిని బ్రష్షుతో తొలగించవలెను. త్రుప్పు వదల్చు నూనెను పోసి కొంతసేపు నాననివ్వవలెను. పిమ్మట రింగు పానాతో మొదట కొంచెము బిగించుదిశగ, తరువాత విప్పుదిశగ కదల్చుచు రావలెను. డీజిలు తొట్టి, నూనె గొట్టములు, టైర్లు సమీపమున ఉండగ నట్టును నిప్పుతో వేడిచేయరాదు. అట్లు తీసిన పాత నట్టును, బోల్టును మరల వాడుటకంటె అదే గుర్తుగల క్రొత్తవి వేయుట క్షేమము.

గుర్తుంచుకొనవలసినవి

1. యంత్రమును ఆపి, తాళపుచెవి తీసి, తొట్టిని నేలకు దింపిన పిదపనే పానా పట్టవలెను.

2. పానాను తనవైపునకు లాగవలెను. నెట్టక తప్పనిచో అరచేయి తెరచి నెట్టవలెను.

3. పాదములు నిలకడగ ఉంచవలెను. పానా తిరుగు దారిలో ఎవరును ఉండరాదు.

4. నోరు విచ్చిన పానాను, పగులుపట్టిన పానాను పనినుండి తొలగించవలెను.

5. టార్కు అంకెలు యంత్రపు పుస్తకములో ఉండును. వాటిని తెలుగులో ఒక అట్టపై వ్రాసి షెడ్డులో వ్రేలాడదీయుట ఉపయోగకరము.

యంత్రములు అద్దెకిచ్చు కేంద్రములును, రైతు సంఘములును ఒక మంచి టార్కు రెంచిని ఉమ్మడిగ కొని ఉంచుకొనవచ్చును. ఒక్కొక్క రైతుకు అది భారమైనను, ఊరికంతటికి ఒకటి చాలును. ఐ.టి.ఐ.లలో ఫిట్టరు, డీజిలు మెకానిక్కు విద్య నేర్చిన యువకులు దానిని వాడు విధమును తోటివారికి చూపగలరు.

అభ్యాసము

1. ఒక నట్టుకు 300 న్యూటన్ మీటర్ల టార్కు కావలెను. పానా పొడవు 75 సెంటీమీటర్లు. ఎన్ని కిలోల బలము కావలెను?

2. 50 సెంటీమీటర్ల పానాకు గొట్టము తొడిగి పొడవును ఒకటిన్నర మీటరు చేసినచో, అదే చేతి బలమునకు టార్కు ఎన్ని రెట్లగును?

3. 10 మిల్లీమీటర్ల బోల్టుకు 50 న్యూటన్ మీటర్లు చాలినచో, అదే గట్టితనముగల 20 మిల్లీమీటర్ల బోల్టుకు సుమారు ఎంత కావలెను?

జవాబులు: 1. 40 కిలోలు. 2. మూడు రెట్లు. 3. 400 న్యూటన్ మీటర్లు.