కారు సీటు ముందుకు తిప్పేది ఎప్పుడు?

ఆదివారం పిల్లల క్లాసులు అయ్యాక పార్కింగ్ దగ్గర తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది. "మా పాపకి మొదటి పుట్టినరోజు అయిపోయింది. సీటు ఇక ముందుకు తిప్పేయొచ్చా?" రెండేళ్ళు నిండిన పిల్లల అమ్మానాన్నలూ ఇదే అడుగుతున్నారు. అందుకే ఈ సంచికలో ఈ విషయాన్ని మొదటినుంచి చివరిదాకా చెప్పుకుందాం.

ముందు జవాబు చెప్పేస్తాం. పుట్టినరోజు చూసి సీటు తిప్పకూడదు. మీ సీటు వెనక్కి తిరిగి ఉన్నప్పుడు ఎంత బరువు, ఎంత ఎత్తు వరకు పనికొస్తుందో దాని పక్కనున్న లేబుల్ మీద రాసి ఉంటుంది. ఆ రెండిట్లో ఏదో ఒకటి దాటేవరకు పిల్లలు వెనక్కి తిరిగే కూర్చోవాలి.

సలహా మారింది, చట్టం వేరు

అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, అంటే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2011లో కనీసం రెండేళ్ళ వరకు వెనక్కి తిప్పే ఉంచమంది. 2018లో ఆ వయసు లెక్క తీసేసి, సీటు అనుమతించినంత కాలం అలాగే ఉంచమని చెప్పింది. పెద్దబ్బాయి పుట్టినప్పుడు విన్న మాట చిన్నమ్మాయికి అలాగే వాడేస్తున్న ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. వాళ్ళు ఈ మార్పు గమనించాలి.

మన కాలిఫోర్నియాలో 2017 జనవరి 1 నుంచి రెండేళ్ళలోపు పిల్లలు వెనక్కి తిరిగే కూర్చోవాలన్నది చట్టం. 40 పౌండ్ల బరువు గానీ 40 అంగుళాల ఎత్తు గానీ ఉన్న పిల్లలకు మినహాయింపు ఉంది. ఇతర రాష్ట్రాల్లో నియమాలు వేరుగా ఉంటాయి. అయితే చట్టం చెప్పేది కనీసం పాటించాల్సిన హద్దు మాత్రమే. రెండేళ్ళు నిండాయంటే చట్టం ఒప్పుకుంటుందని అర్థం, పిల్లవాడి మెడ సిద్ధమైందని కాదు.

కారణం మెడలో ఉంది

పసిపిల్లలకు ఒంటితో పోలిస్తే తల పెద్దది, బరువైనది. మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు, మధ్యలో మృదులాస్థి ఉంటుంది. వాటిని పట్టి ఉంచే కండరాలూ బలహీనమే. ఎదురుగా దేన్నయినా గుద్దుకుని కారు ఒక్కసారిగా ఆగితే, లోపలున్న మనుషులు మాత్రం అదే వేగంతో ముందుకు పోతారు. ముందుకు తిరిగి కూర్చున్న పిల్లల భుజాలను బెల్టు ఆపుతుంది, తలను ఆపేది ఏదీ ఉండదు. ఆ భారమంతా మెడ మీద పడుతుంది. వెనక్కి తిరిగి కూర్చుంటే సీటు వీపే తలకీ, మెడకీ, వెన్నుకీ ఒకేసారి ఆనుకుంటుంది. దెబ్బ ఒక్కచోట పడకుండా వీపంతా పంచుకుంటుంది.

"వెనకనుంచి గుద్దితే మరి?" అని అడుగుతారు. ప్రమాదాల్లో ఎక్కువ తీవ్రమైనవి ముందునుంచి, పక్కనుంచి తగిలేవే. వెనకనుంచి తగిలేవి సాధారణంగా తక్కువ వేగంతో జరుగుతాయి.

వాట్సాప్‌లో తిరిగే "5 రెట్లు సురక్షితం" అన్న అంకె గురించీ ఒక మాట. అది 2007లో వచ్చిన ఒక అధ్యయనంలోది. లెక్కల్లో లోపం బయటపడి ఆ వ్యాసాన్ని తర్వాత ఉపసంహరించుకున్నారు. అది తెలిసిన తర్వాత కూడా 2018లో డాక్టర్ల సంఘం వెనక్కి తిప్పే ఉంచమనే చెప్పింది. కాబట్టి ఆ అంకెను పక్కన పెడదాం, సలహాను మాత్రం వదులుకోవద్దు.

మీ సీటు దగ్గర చూడాల్సినవి

1. బరువు: చాలా కన్వర్టిబుల్ సీట్లు వెనక్కి తిరిగి ఉన్నప్పుడు 40 పౌండ్లు, అంటే సుమారు 18 కిలోల వరకు పనికొస్తాయి. కొన్ని 50 పౌండ్ల దాకా కూడా. చాలామంది పిల్లలు నాలుగేళ్ళ దాకా 40 పౌండ్లకు చేరరు.

2. ఎత్తు: లేబుల్ మీద ఉన్న అంగుళాలు చూడండి. చాలా సీట్లలో పిల్లల నడినెత్తి సీటు పైఅంచుకు కనీసం 1 అంగుళం కిందకు ఉండాలి. మీ సీటు మాన్యువల్‌లో ఎలా కొలవమన్నారో అలాగే కొలవండి. సాధారణంగా బరువు కన్నా ముందు ఎత్తే దాటుతుంది.

3. కనీస హద్దు, గరిష్ఠ హద్దు: మనవాళ్ళు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. "ముందుకు తిప్పడానికి కనీసం 2 ఏళ్ళు" అని లేబుల్ మీద ఉంటే, అంతకుముందు తిప్పనే కూడదని అర్థం. రెండేళ్ళు రాగానే తిప్పేయమని కాదు. మార్చాల్సిన రోజును చెప్పేది వెనక్కి తిరిగి ఉన్నప్పటి గరిష్ఠ హద్దు.

ఉదాహరణకు, మూడేళ్ళ పాప 31 పౌండ్లు, 37 అంగుళాలు ఉందనుకుందాం. సీటు హద్దులు 40 పౌండ్లు, 43 అంగుళాలు. తలపైన 2 అంగుళాల చోటుంది. ఈ పాప ఇంకా వెనక్కి తిరిగే కూర్చోవాలి. అదే పాప తలపైన అర అంగుళమే మిగిలి, మాన్యువల్ 1 అంగుళం కావాలంటే, బరువు ఎంతున్నా ఆ సీటులో వెనక్కి కూర్చునే కాలం అయిపోయినట్టే.

చేత్తో మోసుకెళ్ళే చిన్న సీటు పాపకి చాలకపోతే దానర్థం ముందుకు తిప్పమని కాదు. కన్వర్టిబుల్ సీటు కొని, దాన్నే వెనక్కి తిప్పి బిగించాలి. ఎదుట ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో మాత్రం వెనక్కి తిరిగే సీటు ఎప్పుడూ పెట్టకూడదు.

అమ్మమ్మ, తాతయ్యల బెంగ

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు మొదట అనే మాట, "అయ్యో, బిడ్డ కాళ్ళు ముడుచుకుపోతున్నాయి" అని. పిల్లలు కాళ్ళు మడుచుకునో, బాసింపట్టు వేసుకునో హాయిగా కూర్చోగలరు. ఇంట్లో నేల మీద అలాగే కదా కూర్చుంటారు. కాళ్ళు సీటుకు తగలడం సీటు చిన్నదైందనడానికి గుర్తు కాదు. పెద్దవాళ్ళతో వాదన పెట్టుకోకుండా, మెడ ఎముకల సంగతి నెమ్మదిగా చెప్పి చూడండి. మనవడి మీద ప్రేమతోనే ఆ మాట అన్నవాళ్ళు, అదే ప్రేమతో ఒప్పుకుంటారు.

ఏడుపుకి కారణం ఒక్కోసారి వేరే ఉంటుంది. బెల్టు మెలితిరిగిందేమో, ఎండ కళ్ళలో పడుతోందేమో, సీటు వాలు సరిగ్గా ఉందో లేదో చూడండి.

తిప్పే రోజు వచ్చాక

భుజాల బెల్టు వెనక్కి తిరిగి ఉన్నప్పుడు భుజాల ఎత్తులో గానీ కాస్త కిందనుంచి గానీ రావాలి. ముందుకు తిప్పాక భుజాల ఎత్తులో గానీ కాస్త పైనుంచి గానీ రావాలి. ఈ మార్పు చాలామంది మరచిపోతారు. సీటు పైనుంచి వచ్చే టెథర్ పట్టీని కారులో దానికోసం ఉన్న కొక్కేనికి తప్పక తగిలించాలి. ప్రమాదంలో తల ముందుకు వెళ్ళే దూరాన్ని తగ్గించేది అదే.

బెల్టు దూరే చోట సీటును పట్టుకుని ఊపితే 1 అంగుళం కన్నా ఎక్కువ కదలకూడదు. ఛాతీ క్లిప్పు చంకల ఎత్తులో ఉండాలి. భుజం దగ్గర బెల్టును వేళ్ళతో గిల్లినట్టు పట్టుకుంటే మడత చేతికి రాకూడదు. పండగ రోజుల్లో ఇంకాస్త జాగ్రత్త కావాలి. చలి కోటు గానీ, కుచ్చిళ్ళు ఎక్కువున్న పట్టు లంగా గానీ బెల్టు కింద ఉంటే, బిగువుగా కనబడుతూనే లోపల వదులు ఉండిపోతుంది. పల్చటి బట్టలతో బయల్దేరి, గుడికొచ్చాక మార్చండి.

ఇండియా వెళ్ళేటప్పుడు

సీటు వెంట తీసుకెళ్ళడం మేలు. విమానంలో వాడదలిస్తే, విమానాల్లో వాడకానికి ఆమోదం ఉందని దాని మీద రాసి ఉందో లేదో చూసి, విమాన సంస్థను ముందే అడగండి. అక్కడ కూడా 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే 1,000 రూపాయల జరిమానా ఉంది. వెనక సీట్లో బెల్టులు పనిచేసే కారే కావాలని టాక్సీ మాట్లాడుకునేటప్పుడే చెప్పండి. ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే చాలనుకోవద్దు. గుద్దుకున్న క్షణంలో ఎంత బలమైన చేతులైనా బిడ్డను ఆపలేవు.

ఈ వారం చేయాల్సిన పని

ఇంట్లో పాపనో బాబునో తూచి, ఎత్తు కొలిచి, సీటు లేబుల్‌తో పోల్చి చూడండి. సీటు గడువు తేదీ కూడా అక్కడే ఉంటుంది, అదీ చూడండి. బిగింపు మీద అనుమానముంటే శిక్షణ పొందిన కారు సీటు టెక్నీషియన్‌కు చూపించండి. చాలా ఊళ్ళలో ఫైర్ స్టేషన్లు, ఆసుపత్రులు ఈ సాయం చేస్తాయి. వెళ్ళేముందు ఫోన్ చేసి సమయం అడగండి. మన పత్రిక మూడు నెలలకోసారి వస్తుంది కనుక, అది ఇంటికొచ్చినప్పుడల్లా ఒకసారి కొలుచుకునే అలవాటు పెట్టుకుందాం. పిల్లలు మూడు నెలల్లో మనం అనుకున్నదానికన్నా ఎక్కువే పెరుగుతారు.