వ్యాన్‌లో ఈ-సైకిల్: కొనేముందు బరువు చూడండి

ప్రశ్న: కుటుంబంతో వ్యాన్‌లో ఊళ్లు తిరుగుతుంటాం. రెండు ఈ-సైకిళ్లు వెంట తీసుకెళ్లాలని ఉంది. ఎలాంటివి కొనాలి? ఎలా తీసుకెళ్లాలి?
– ఓ పాఠకుడు, హవేలిఘనపూర్, మెదక్ జిల్లా

జవాబు: వ్యాన్‌ను ఓ చెట్టు నీడన ఆపి, పోచారం చెరువు వైపు తొక్కుకుంటూ వెళ్లడానికి ఈ-సైకిల్ చక్కగా పనికొస్తుంది. మోటారు 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోబడి ఉంటే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు.

చిక్కంతా బరువుతోనే. చాలా ఈ-సైకిళ్లు 20 కిలోలు దాటుతాయి. డిక్కీకి పట్టీలతో బిగించే మామూలు క్యారియర్లలో ఎక్కువ వాటికి సైకిల్‌కు 15 కిలోలే పరిమితి. గుంతల రోడ్డులో ఆ పట్టీలను నమ్ముకోవడం ప్రమాదం. వ్యాన్ వెనక హిచ్‌కు (లాగుడు కొక్కేనికి) బిగించే, చక్రాలు పళ్లెంలో కూర్చునే హిచ్ క్యారియర్ మేలు. అది నంబరు ప్లేటునూ, వెనక లైట్లనూ కప్పకూడదు.

బ్యాటరీ తాళంతో ఊడివచ్చే మోడలే కొనాలి. ఎక్కించే ముందు దాన్ని తీస్తే రెండు మూడు కిలోలు తగ్గుతాయి. తీశాక కనెక్టర్‌కు దుమ్ము, తడి తగలకుండా మూత పెట్టి, బ్యాటరీని మెత్తని సంచీలో వ్యాన్ లోపల కదలకుండా ఉంచాలి. మే నెల ఎండలో తలుపులు మూసిన వ్యాన్‌లో మాత్రం వదలొద్దు. వేడి లిథియం సెల్‌లను దెబ్బతీస్తుంది.

మడతపెట్టే సైకిళ్లు రెండూ లోపలే పడితే, క్యారియర్ కొనకండి.