పిలువని జాబులు

ఇంటికి వచ్చిన జాబును చదువుటయు, చదువకయే త్రోసిపుచ్చుటయు గృహస్థుని యిష్టము. తనకు వలదనిన వర్తకుని ప్రకటనలను టపాలో రాకుండ నిలుపుకొను అధికారము ఇంటివానికి గలదని అమెరికా సుప్రీంకోర్టు 1970లో తీర్పు చెప్పెను. మన దేశమున నిట్టి జాబులు కాగితముకంటె సెల్‌ఫోనులోనే విశేషముగా వచ్చుచున్నవి గనుక దానినే యిచట విచారింతము.

మన సంఖ్య వారికెట్లు తెలియును? దుకాణమున బిల్లు వ్రాయువాడు అడిగిన వెంటనే చెప్పుచున్నాము. బహుమతి చీటీలపై వ్రాసి పెట్టెలో వేయుచున్నాము. పదవ తరగతి పరీక్షలు ముగియకమునుపే జూనియరు కళాశాలలనుండి తలిదండ్రులకు వచ్చు పిలుపుల నెరుగనివారు మనలో లేరు. సంఖ్య చెప్పవలెనని కొనువారిని నిర్బంధింపరాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2023లోనే దుకాణదారులకు తెలియజేసినది. ఐనను అడిగినవానికి లేదనుటకు మనకు మొగమోటము!

వీనిని నిలుపుటకు 'ట్రాయ్' అను టెలికాం నియంత్రణ సంస్థ 2007లో మొదట నిబంధనలు చేసెను. 'స్టార్ట్' అని ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి, కొంచెము ఎడమిచ్చి, సున్న చేర్చి 1909కి సందేశము పంపినయెడల నమోదైన వర్తకుల ప్రకటనలు నిలుపబడును. బ్యాంకు లెక్కలును, ఒక్కసారి వాడు రహస్యసంఖ్యలును యథాప్రకారము వచ్చుచునే యుండును. పంపినవారి పేరు చివరి అక్షరమును గూడ చూడవలెను. 2025లో వచ్చిన సవరణ ప్రకారము 'పి' అనిన ప్రకటన, 'ఎస్' అనిన సేవ, 'టి' అనిన లావాదేవి, 'జి' అనిన ప్రభుత్వ సమాచారము.

చిక్కంతయు నమోదు చేసికొనని వర్తకునితోనే. వాడు సామాన్యునివలె పది అంకెల సంఖ్యనుండి పిలుచును. విసుగుకొని ఫోను కట్టివేసినచో వానికి నష్టము లేదు, పొరుగింటికి పిలుచును. ఏడు దినములలోపల 1909కి ఫిర్యాదు చేయవలెను. పది దినములలో అయిదుగురు ఫిర్యాదు చేసిన చాలును, చర్య ప్రారంభింపవలసినదే. ఒక వీథివారు పూనుకొనిన కాని పనియా యిది?

"పెన్షను నిలిచిపోవును, ఈ లంకె నొక్కుము" అను సందేశము ప్రకటన కాదు, దొంగతనము. దానిని 1909 నమోదు ఆపజాలదు. అట్టిదానిని ప్రభుత్వమువారు 2024లో ఏర్పరచిన 'చక్షు'లో తెలుపవలెను. సొమ్ము పోయినచో నిమిషమైనను జాగుచేయక 1930కి ఫోను చేయవలెను.

విద్యార్థులారా, ఈ సెలవులలో మొదట మీ అవ్వతాతల ఫోనులు చూడుడు. 1909కి పంపవలసిన సందేశమును మీరు పంపక, ప్రక్కన కూర్చుండి వారిచేతనే పంపించుడు.