సహజాతమూ సభ్యతా: అడిగిన వాళ్ళూ, జవాబు చెప్పిన వాళ్ళూ

'లార్డ్ ఆఫ్ ద ఫ్లైస్' పాఠం చెప్పిన ప్రతి ఏడాదీ క్లాసులో ఎవరో ఒకరు లేచి అదే మాట అనేవారు: "నాగరికత అంతా పైపూతే గదండీ సార్, గోకితే లోపల ఉన్నది మృగమే." పరీక్షలోనూ అదే రాసేవారు. మార్కులూ పడేవి, వేసింది నేనే. రిటైరయ్యాక, తీరిగ్గా మళ్ళీ చదువుకున్నాక, ఆ జవాబు మీద నాకు అనుమానం పట్టుకుంది. ఈ కాలేజీలో చదువుకున్న వాణ్ణి కనక సావనీరుకి ఏదైనా రాయమన్నారు. ఆ అనుమానమే రాస్తున్నాను.

నవల 1954లో వచ్చింది. రాసిన విలియం గోల్డింగ్ సాల్స్‌బరీలో బడిపంతులు. 1940లో నౌకాదళంలో చేరి, 1944 నార్మండీ దాడిలో పాల్గొన్నవాడు. బళ్ళో పిల్లల్ని చూశాడు, యుద్ధంలో పెద్దల్ని చూశాడు. అంచేత 1857లో బాలంటైన్ రాసిన 'కోరల్ ఐలండ్' ఆయనకు మింగుడు పడలేదు. అందులో ఇంగ్లీషు కుర్రాళ్ళు దీవిలో చిక్కుకున్నా బుద్ధిమంతులుగానే ఉంటారు, దుర్మార్గమంతా బయటివాళ్ళది. గోల్డింగ్ అందులోని రాల్ఫ్, జాక్ అనే పేర్లనే తీసుకుని కథను తిరగేశాడు. శంఖం ఊది సభ జరుపుకున్న పిల్లలే ఆఖరికి మొహాలకు రంగులు పూసుకుని తోటివాళ్ళను చంపుతారు.

మన వాళ్ళు గమనించని సంగతి ఒకటుంది. ఆ దీవిలో ఆకలి లేదు. చెట్ల నిండా పళ్ళే. పందిని చంపకపోతే ఎవడూ చావడు. మృగం ఆకలికి చంపుతుంది; వీళ్ళు కడుపు నిండి ఉండగా చంపారు. మరి దీన్ని బతుకు కోసం పోరాటం అనడం ఎలా?

ఇంకో సంగతి. రోజర్ అనే కుర్రాడు ఒక చిన్నవాడి మీదికి రాళ్ళు విసురుతాడు, కాని తగలకుండా చుట్టూ విసురుతాడు. అక్కడ అమ్మా లేదు, పంతులూ లేడు, పోలీసూ లేడు. అయినా చెయ్యి ఆగింది. పైపూత అయితే ఎప్పుడో రాలిపోవాలి గదా! ఇది పూత కాదు, ఎముకలో దిగిన అలవాటు. అదే రోజర్ చివర్లో బండ దొర్లిస్తాడు. ఎవరి మీద? శంఖం పట్టుకుని, రంగులు పూసుకున్న ఆటవికుల్లా ఉండటం మేలా, కట్టుబాటుతో ఉండటం మేలా అని అడుగుతున్న పిగ్గీ మీద. శంఖం ముక్కలవుతుంది, పిగ్గీ పోతాడు. అంతకుముందు సైమన్ కూడా అంతే: మీరు భయపడే భూతం చచ్చిపోయిన పారాచూటు మనిషేనని చెప్పడానికి వచ్చి, చీకట్లో ఆ గుంపు చేతిలో చచ్చాడు. చచ్చిన ఇద్దరూ అడిగేవాళ్ళూ చెప్పేవాళ్ళూ. చివర తెల్లటి యూనిఫారంలో వచ్చిన నౌకాదళ అధికారి, ఇంగ్లీషు పిల్లలు ఇంతకన్నా మెరుగ్గా ఉండాల్సిందని చిన్నబుచ్చుకుంటాడు. ఆయన యుద్ధనౌక ఎవరి వేటలో ఉందని అడగడానికి అక్కడ ఎవరూ మిగల్లేదు.

ఇదంతా కల్పన. నిజంగా జరిగిందీ ఒకటుంది. 1965లో టోంగా దేశంలో ఆరుగురు బడిపిల్లలు చెప్పకుండా ఒక పడవ తీసుకుని పోయి, తుపానుకి కొట్టుకుపోయి, అటా అనే నిర్జన దీవిలో పడ్డారు. పదిహేను నెలలున్నారు. నిప్పు ఆరనివ్వలేదు. ఒకడి కాలు విరిగితే మిగతావాళ్ళే కట్టు కట్టారు. దెబ్బలాడుకున్న వాళ్ళని కోపం తగ్గేదాకా చెరో వైపుకీ పంపేవారట. 1966లో బయటపడి ఇంటికి చేరితే, పడవ సొంతదారు ఫిర్యాదు మీద పోలీసులు పట్టుకున్నారు. నాగరికత వాళ్ళని అడిగిన మొదటి ప్రశ్న అది!

సరే, అసలు ఆకలే ఉన్న చోట సంగతేమిటి? దానికి దీవుల దాకా పోనక్కర్లేదు. ఛాందోగ్యోపనిషత్తులో ఉషస్తి అనే పండితుడున్నాడు. కురుదేశంలో వడగళ్ళకి పంటలు పోయాయి. భార్యతో ఏనుగులవాళ్ళ ఊరు చేరి, గుగ్గిళ్ళు తింటున్న మావటిని చెయ్యి చాచి అడిగాడు. ఈ ఎంగిలివి తప్ప వేరే లేవన్నాడు మావటి. అవే పెట్టమన్నాడు, తిన్నాడు. మావటి నీళ్ళివ్వబోతే, ఎంగిలి నీళ్ళు వద్దన్నాడు. గుగ్గిళ్ళు మటుకు ఎంగిలివి కావా అని మావటి అడిగాడు. అవి తినకపోతే బతకను, నీళ్ళంటావా, ఎక్కడైనా దొరుకుతాయి అన్నాడు ఉషస్తి. నాకీ జవాబు చాలా ఇష్టం. ఆచారాన్ని వదలలేదు, ప్రాణాన్నీ వదలలేదు. గీత ఎక్కడ గీయాలో ఆ పూటకి తేల్చుకున్నాడు. కాని మావటి అడగబట్టే గదా తేలింది!

మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు చెప్పిన విశ్వామిత్రుడి కథ ఇంకా కటువైనది. పన్నెండేళ్ళ కరువు. మహర్షి ఊరిబయటి గుడిసెలో కుక్కమాంసం దొంగిలించబోయి ఇంటివాడికి దొరికిపోయాడు. ఊరు ఎవర్ని అంటరాదంటుందో ఆ మనిషే, ఇది నీకు తగదు స్వామీ అని వాదిస్తాడు. మహర్షేమో ముందు బతకాలి, బతికితే ధర్మం చేసుకోవచ్చంటాడు. ఎవరు నాగరికులో ఎవరు కారో చెప్పండి! చివరికి విశ్వామిత్రుడు తీసుకునే పోయాడు. అయినా తినబోయే ముందు దేవతలకీ పితరులకీ భాగం తీశాడు. అప్పుడు వాన కురిసింది.

ప్రేంచంద్ 'కఫన్'లో వాన లేదు. కోడలు పురిటి నొప్పులతో చస్తుంటే తండ్రీ కొడుకులు ఘీసూ, మాధవ్ కాల్చిన ఆలుగడ్డలు తింటూ కూర్చుంటారు. ఒకడు లేచి లోపలికి పోతే రెండోవాడు ఎక్కువ తినేస్తాడని భయం. మర్నాడు శవం మీది గుడ్డకని ఊరు ఇచ్చిన డబ్బుతో తాగుతారు. అయితే మాధవ్ అడుగుతాడు: పైలోకంలో ఆమె గుడ్డ ఏదని అడిగితే ఏం చెబుతాం? ఘీసూ దగ్గర జవాబు తయారుగా ఉంది: ఇప్పుడు ఇచ్చినవాళ్ళే మళ్ళీ ఇస్తారు. నిజం చెప్పాలంటే ఈ జవాబు మృగానిది కాదు. లోకం తీరు బాగా తెలిసినవాడిది. ఎంత కష్టపడ్డా కడుపు నిండని చోట పనెందుకు చెయ్యాలని వాళ్ళనుకోవడంలో తప్పు ఒక్క వాళ్ళదేనా అని ప్రేంచంద్ మనల్ని అడుగుతాడు.

ఘీసూని తిట్టడానికి నాకు నోరు రాదు. 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత దివిసీమకు లారీల్లో వెళ్ళిన కుర్రాళ్ళలో నేనూ ఉన్నాను. అక్కడ చూసినవి ఇక్కడ రాయను. పులిహోర పొట్లాలూ రొట్టెలూ పంచాం. మొదటి రోజు జనం మీద పడిపోయారు, రెండో రోజు వాళ్ళంతట వాళ్ళే వరస కట్టారు, పిల్లలున్న వాళ్ళని ముందుకు పంపారు. ఆ రెండో రోజే, సాయంత్రానికి మనకి మిగలదేమోనని, ఒక రొట్టె నా సంచిలో బట్టల కింద దాచుకున్నాను. ఎవరూ చూడలేదు. కోడూరు దాటాక ఒక గట్టు మీద ముసలమ్మ ఒకతె కూర్చుని ఉంది. చివరి పొట్లం చేతిలో పెడితే విప్పకుండా నా మొహంలోకి చూసి, "నువ్వేమన్నా తిన్నావా అయ్యా?" అంది.

తిన్నానమ్మా అన్నాను. అది అబద్ధం. సంచిలో రొట్టె ఉంది, తీసి ఆమెకివ్వలేదు. లారీ ఎక్కాక తినాలనీ అనిపించలేదు. హాస్టలుకొచ్చి మూడోనాడు సంచి విప్పితే బూజు పట్టి ఉంది.