కారులో పసుపు దీపం

కొడుకు డీజిలు కారు కిరాయికి నడుపుతాడు. ఆ రోజు దిగులుగా ఇంటికొచ్చాడు.

"ఏమైందిరా?" అంది తల్లి.

"ఇంజను దీపం వెలిగిందమ్మా, ఆరడం లేదు. పొగ వాల్వు పాడైందట. గొట్టానికి రేకు బిగించి మూసేస్తే తక్కువలో పోతుందట."

"ఆ వాల్వు ఏం చేస్తుంది?"

"పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి పంపుతుంది. లోపల మంట వేడి తగ్గుతుంది. విషవాయువు తక్కువ పుడుతుంది."

"మూసేస్తే ఆ విషం పీల్చేదెవరు? మన చిన్నదానికి అసలే ఉబ్బసం!"

కొడుకు మాట్లాడలేదు.

మర్నాడు ఇద్దరూ ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్లారు. అతను యంత్రం పెట్టి చూశాడు. వాల్వు ఎంత తెరుచుకుందో చెప్పే పరికరం ఒకటుంది. దాన్ని సెన్సర్ అంటారు. దాని తీగ వదులైంది. వాల్వుకు మసి పట్టింది. అతను తీగ బిగించాడు. మసి తుడిచాడు. దీపం ఆరింది. వాల్వు మార్చే పని లేకపోయింది.

తల్లి బిల్లు అడిగి తీసుకుంది. కూడబలుక్కుని చదివింది. అప్పుడే డబ్బిచ్చింది.

దీపం వెలిగితే కారణం వెతకాలి. పొగదారి మూయకూడదు. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్త బండ్ల పొగకు నిబంధనలు మరింత గట్టివయ్యాయి. అవి మన ఊపిరి కోసమే.

చదివి చెప్పండి:
1. దీపం ఎందుకు వెలిగింది?
2. తల్లి బిల్లు ఎందుకు అడిగింది?