అలవాటా? జబ్బా?

మన ఊళ్ళ గోడలమీద ‘బలహీనత’కు గ్యారంటీ వైద్యం ప్రకటనలు చూడని విద్యార్థి ఉండడు. అవి చదివి మామూలు కోరికనే రోగమనుకుని కుమిలిపోయేవాళ్ళు కొందరు. నిజంగా రోగం ఉండీ సిగ్గుతో దాచుకునేవాళ్ళు మరికొందరు.

జనం దీన్ని ‘సెక్స్ వ్యసనం’ అంటారు గాని, 2022 జనవరి 1న అమలులోకొచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ 11వ వ్యాధుల వర్గీకరణ దీన్ని వ్యసనాల్లో చేర్చలేదు. ప్రేరణలను అదుపు చేసుకోలేని రుగ్మతల్లో పెట్టింది. కోరిక ఎక్కువా తక్కువా అన్నది లెక్కలోకి రాదు. కాలవ నిండుగా పారితే తప్పేముంది? లాకు తలుపు మన మాట వింటోందా అన్నదే చూడాలి. చదువు, నిద్ర, ఇంటి పనులు పాడవుతున్నా, మానాలని ఎన్నిసార్లు ప్రయత్నించినా మానలేక, సుఖం లేకపోయినా అదే పని చేస్తూ, ఇలా 6 నెలలో అంతకు మించో సాగితే అప్పుడు అనుమానించాలి. ‘పాపం చేస్తున్నాను’ అన్న బాధ ఒక్కటే ఉంటే ఈ రుగ్మత ఉన్నట్టు కాదని అందులోనే రాశారు. నాకు బాగా నచ్చిన మాట అదే.

డాక్టరుగారు ముందు డిప్రెషన్, మేనియా, మద్యం, పార్కిన్సన్ జబ్బుకు వాడే కొన్ని మందుల ప్రభావం ఉన్నాయేమో చూస్తారు. తర్వాత మాటలతోనే చికిత్స. ఏ వేళప్పుడు, ఏ దిగులులో మనసు అటు లాగుతోందో రాసుకోమంటారు. అవసరమైతే డిప్రెషన్‌కిచ్చే మందులో, నాల్‌ట్రెక్సోనో ఇస్తారు. అంతదాకా వెళ్ళడానికి జంకేవాళ్ళు టెలీ మానస్‌కి, అంటే 14416కి, ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. రాత్రయినా పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు.