మూతపడిన ఫ్యాక్టరీ నేల: శుద్ధి చేయాల్సిన బాధ్యత ఎవరిది?

పరిశ్రమ గేటుకు తాళం పడినంత మాత్రాన అది నడిచిన నేలపై యాజమాన్యానికి ఉన్న చట్టపరమైన బాధ్యత తీరిపోదు. ఉత్పత్తి ఆగినా మట్టిలోకి ఇంకిన రసాయనాలు ఏళ్ల తరబడి అక్కడే ఉండి, వర్షాలకు చుట్టుపక్కల బావుల్లోకీ గెడ్డల్లోకీ చేరే అవకాశం ఉన్నందున, ఆ నేలను శుద్ధి చేయడం, అందుకైన ఖర్చు భరించడం కాలుష్యానికి కారకులైన వారి బాధ్యతేనని భారత న్యాయవ్యవస్థ మూడు దశాబ్దాలుగా చెబుతూ వస్తోంది. అయితే ఈ బాధ్యత దానంతట అది అమలు కాదు. స్థానికుల నుంచి రాతపూర్వకమైన ఫిర్యాదు అందకపోతే చాలా సందర్భాల్లో అధికార యంత్రాంగంలో కదలిక రాదు కాబట్టి, ఏ దశలో ఎవరిని ఏమి అడగవచ్చో పౌరులు తెలుసుకోవడం అవసరం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ అంశానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. ఆమదాలవలస, భీమసింగి సహకార చక్కెర కర్మాగారాల్లో గానుగ ఆగిపోయింది. నెల్లిమర్ల జనపనార మిల్లు పలుమార్లు లాకౌట్లను చూసింది. గరివిడి, బొబ్బిలి ప్రాంతాల్లో ఫెర్రో అల్లాయిస్ పరిశ్రమలు, రణస్థలం మండలం పైడిభీమవరంలో ఔషధ పరిశ్రమలు వెలిశాయి. వీటిలో ఏ స్థలం కలుషితమైందో పరీక్షలు జరిపితే తప్ప చెప్పలేం కనుక పేరును బట్టి ఏ ఫ్యాక్టరీనీ దోషిగా నిలబెట్టకూడదు. కానీ ఒకప్పుడు ఊరికి దూరంగా ఉన్న ఇలాంటి స్థలాలు పట్టణాలూ జాతీయ రహదారీ విస్తరించడంతో ఇళ్ల స్థలాలుగా మారే అవకాశం పెరిగింది కాబట్టి, చేతులు మారకముందే మట్టి సంగతి అడగడం సమంజసం.

కాలుష్య స్వభావం పరిశ్రమను బట్టి మారుతుంది. చక్కెర కర్మాగారం వదిలే వ్యర్థాల్లో ఎక్కువ భాగం సేంద్రియ పదార్థమే కావడంతో అది కాలక్రమంలో కుళ్లి నశిస్తుంది. జనపనార మిల్లులో నార మెత్తబడేందుకు వాడే ఖనిజ తైలం, పాత ఇంధన ట్యాంకుల లీకేజీ, ఆస్‌బెస్టాస్ రేకుల ముక్కలు అలా నశించవు. ఫెర్రో అల్లాయిస్ కొలిమి నుంచి వచ్చే చిట్టెంలో క్రోమియం, మాంగనీసు వంటి లోహాలు ఉండవచ్చు. లోహం ఎన్నేళ్లయినా విచ్ఛిన్నం కాదు కాబట్టి, ముఖ్యంగా ఆరు సంయోజకత గల క్రోమియం నీటిలో సులభంగా కరుగుతుంది కాబట్టి, అలాంటి చోట మట్టితో పాటు భూగర్భజలాన్నీ పరీక్షించాలి. ఔషధ పరిశ్రమల విషయంలో ద్రావకాలు, లవణాలు ప్రధానంగా చూడవలసినవి.

2025 నిబంధనలు ఏం చెబుతున్నాయి?

పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద కేంద్ర ప్రభుత్వం 2025 జూలైలో కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలను నోటిఫై చేసింది. దేశంలో 103 కలుషిత స్థలాలను గుర్తించగా వాటిలో ఏడింటిలోనే శుద్ధి పనులు మొదలైన నేపథ్యంలో ఇవి వచ్చాయి. వీటి ప్రకారం స్థానిక సంస్థ గానీ జిల్లా యంత్రాంగం గానీ తమంతట తామే లేదా ప్రజల ఫిర్యాదు మేరకు అనుమానిత స్థలాలను గుర్తించి, ఆరు నెలలకోసారి ఆ జాబితాను అందించాలి. అనుమానిత స్థలం అంటే కాలుష్యం ఉందని రుజువైన చోటు కాదు, ఉండవచ్చునని భావించడానికి ఆధారం ఉన్న చోటు మాత్రమే. ఆ తర్వాత రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లోగా ప్రాథమిక పరిశీలన జరిపి, అనుమానం బలపడితే మరో మూడు నెలల్లో నమూనాలతో సమగ్ర పరిశీలన పూర్తి చేయాలి. ప్రమాదకర పదార్థాల పరిమాణం నిర్దేశిత స్థాయిని మించితే ఆ చోటును కలుషిత స్థలంగా ప్రకటించి, శుద్ధి ప్రణాళిక రూపొందించి, బాధ్యులెవరో తేల్చి, వారి నుంచే ఖర్చు రాబట్టాలి. బాధ్యులు దొరకకపోయినా, చెల్లించలేకపోయినా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఆ భారాన్ని పంచుకోవాలి.

ఈ నిబంధనలకు రెండు పరిమితులు ఉన్నాయి. పరిశీలనకు గడువు విధించిన నిబంధనలు శుద్ధి పూర్తి కావడానికి మాత్రం గడువు విధించలేదు. కాబట్టి ప్రకటన వెలువడిన తర్వాత కూడా పౌరులు వెంటపడాల్సి ఉంటుంది. గనుల తవ్వకం వల్ల కలిగిన కాలుష్యాన్ని, చెత్త డంపింగ్ యార్డులను, అణుధార్మిక వ్యర్థాలను సాధారణంగా వీటి పరిధి నుంచి తప్పించారు. మాంగనీసు గనులున్న గర్భాం, గరివిడి పరిసరాలకు ఇది ముఖ్యమైన విషయం: ఫ్యాక్టరీ ఆవరణకు సంబంధించిన ఫిర్యాదు 2025 నిబంధనల కిందకు వస్తుంది, తవ్వి వదిలేసిన గనికి సంబంధించినది గనుల చట్టాల కింద గని మూసివేత ప్రణాళికను ఆధారంగా చేసుకోవాలి.

ఖర్చు ఎవరు భరించాలి?

కాలుష్యం కలిగించినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రానికి గట్టి పునాది రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లా బిఛ్‌డీ గ్రామం కేసులో పడింది. హెచ్-యాసిడ్ అనే రంగు రసాయనాన్ని తయారు చేసిన కర్మాగారాలు ఉత్పత్తి ఆపేసినా వాటి విషపు బురద బావులను పాడు చేసిందని తేలడంతో, 1996 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు యాజమాన్యానిది సంపూర్ణ బాధ్యత అని తీర్పు చెప్పింది. సంపూర్ణ బాధ్యత అంటే తగిన జాగ్రత్తలు తీసుకున్నామని చెప్పుకొని తప్పించుకునే వీలు లేని బాధ్యత. ఆ తీర్పు అమలును ఏళ్ల తరబడి వాయిదా వేయించినందుకు 2011లో అదే కోర్టు శుద్ధి వ్యయమైన 37.385 కోట్ల రూపాయలను 12 శాతం చక్రవడ్డీతో కట్టాలని ఆదేశించింది. వ్యాజ్యంతో కాలయాపన చేస్తే బాధ్యత తగ్గకపోగా పెరుగుతుందని దీనివల్ల స్పష్టమైంది.

ఉత్తరాంధ్రలోనే మరో ఉదాహరణ ఉంది. 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరిన్ ఆవిరి వెలువడి పన్నెండు మంది మరణించిన మర్నాడే, జాతీయ హరిత ట్రిబ్యునల్ కేసును తనంతట తానే విచారణకు స్వీకరించి 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయాలని ఆదేశించింది. ఆ తర్వాత ఆ మొత్తాన్ని బాధితుల పరిహారంతో పాటు పర్యావరణ పునరుద్ధరణకూ వినియోగించాలని నిర్దేశించింది. వ్యక్తులకు కలిగిన నష్టం, నేలకూ నీటికీ కలిగిన నష్టం వేర్వేరని, రెండింటినీ పూడ్చవలసిందేనన్నది ఇందులోని అంతరార్థం. పర్యావరణ నష్టానికి పరిహారం విధించే అధికారం కాలుష్య నియంత్రణ మండళ్లకూ ఉందని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 4న ధ్రువీకరించడంతో, ప్రతి కేసూ కోర్టుదాకా వెళ్లే వరకు మండలి వేచి ఉండాల్సిన అవసరం తొలగింది.

స్థలం కొనేవారి హక్కులు

కార్మికుల బకాయిలు తీర్చేందుకు ఫ్యాక్టరీ భూమిని త్వరగా అమ్మాలన్న ఒత్తిడి మూతపడిన చోటల్లా సహజంగానే ఉంటుంది. అలాంటప్పుడు మట్టి పరీక్ష అడగడం కార్మికులకు వ్యతిరేకమైన పనిగా కనిపించవచ్చు గానీ, శుద్ధి ఖర్చును ముందే లెక్కగట్టి ధరలో చూపకపోతే ఆ భారం చివరికి ప్లాటు కొన్న కుటుంబం మీదనో పక్క గ్రామం మీదనో పడుతుంది. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 55వ సెక్షన్ ప్రకారం, కొనుగోలుదారు మామూలు శ్రద్ధతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం తనకు తెలిసి ఉంటే అమ్మకందారు దాన్ని వెల్లడించి తీరాలి. స్థిరాస్తి నియంత్రణ చట్టం, 2016లోని 12వ సెక్షన్ కింద, తప్పుడు ప్రకటనను నమ్మి అడ్వాన్సు కట్టి నష్టపోయిన వారికి పరిహారం కోరే హక్కు ఉంది. ప్రాజెక్టు నుంచి వైదొలగాలనుకుంటే కట్టిన డబ్బు వడ్డీతో సహా తిరిగి పొందవచ్చు.

శుద్ధి అంటే అన్ని చోట్లా ఒకే కొలమానం కాదన్న విషయం కొనుగోలుదారులు గమనించాలి. గోదాముకు సరిపోయే స్థాయి పిల్లలు మట్టిలో ఆడుకునే ఇంటి పెరటికి సరిపోదు. కాబట్టి శుద్ధి జరిగిందన్న ధ్రువపత్రం చూపినప్పుడు, అది ఏ వినియోగాన్ని దృష్టిలో పెట్టుకొని ఇచ్చినదో, ఎంత లోతు వరకు నమూనాలు తీశారో, భూగర్భజలాన్ని పరీక్షించారో లేదో అడగాలి.

ఫిర్యాదు నుంచి ట్రిబ్యునల్ వరకు

మొదటి మెట్టు గ్రామసభ తీర్మానం. సర్వే నంబర్లు, పూర్వం నడిచిన పరిశ్రమ పేరు, బావి నీటి రంగులో లేదా వాసనలో వచ్చిన మార్పు, అది మొదలైన కాలం, తేదీతో కూడిన ఫొటోలు జతచేసి పంచాయతీకి, కలెక్టర్‌కు, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఆ రసీదు మీది తేదీయే తర్వాతి గడువులన్నింటికీ సాక్ష్యం అవుతుంది.

రెండో మెట్టు సమాచార హక్కు దరఖాస్తు. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి మినహాయింపు ఉంది. సమాధానం 30 రోజుల్లో రావాలి. పరిశ్రమ స్థాపనకూ నిర్వహణకూ మండలి ఇచ్చిన అనుమతి పత్రాలు, ప్రమాదకర వ్యర్థాలపై యాజమాన్యం సమర్పించిన వార్షిక నివేదికలు, ఆ వ్యర్థాలను అనకాపల్లి జిల్లా పరవాడలోని శుద్ధి కేంద్రానికి గానీ మరో అధీకృత కేంద్రానికి గానీ తరలించినట్టు చూపే రవాణా పత్రాలు అడగాలి. ఉత్పత్తి అయిన వ్యర్థానికీ తరలించిన వ్యర్థానికీ లెక్క కుదరకపోతే, మిగిలినది ఆవరణలోనే ఉండి ఉండవచ్చన్న అనుమానానికి అది బలమైన ఆధారం.

మూడో మెట్టు జాతీయ హరిత ట్రిబ్యునల్. ఆంధ్రప్రదేశ్ కేసులు చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనం పరిధిలోకి వస్తాయి. పర్యావరణ వివాదంపై 14వ సెక్షన్ కింద వేసే దరఖాస్తుకు ఆరు నెలలు, పరిహారం, పునరుద్ధరణ కోరుతూ 15వ సెక్షన్ కింద వేసే దరఖాస్తుకు ఐదేళ్లు గడువు. సరైన కారణం చూపితే రెండింటికీ మరో 60 రోజులు లభించవచ్చు. పరిహారం కోరని దరఖాస్తుకు రుసుము 1,000 రూపాయలు. కోరితే అడిగిన మొత్తంలో ఒక శాతం, కనీసం 1,000 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుసుము చెల్లించనక్కరలేదు. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకునే వెసులుబాటు కూడా ఉంది.

ఖర్చుకు వెనకాడే వారి కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఉన్నాయి. మహిళలు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారు, పారిశ్రామిక కార్మికులు, పారిశ్రామిక విపత్తు బాధితులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ఇతరులకు ఆదాయ పరిమితి వర్తిస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేసి వివరాలు తెలుసుకోవచ్చు. స్థలం అమ్ముడుపోయి లేఔటు వేసిన తర్వాత ఫిర్యాదు చేసినా హక్కు పోదు గానీ, అప్పటికి మట్టి తరలిపోయి, యాజమాన్యాలు మారి, రుజువు కష్టమవుతుంది. అందువల్ల అమ్మకం ప్రకటన కనిపించగానే పంచాయతీ ద్వారా పరిశీలన కోరడమే అన్నిటికంటే చవకైన, ఫలితం ఎక్కువగా ఉండే న్యాయమార్గం.